నోరులేని పనులే ముందు



చిన్న దుకాణాలు, చిన్న వ్యాపారాలు నడుపుకునేవారితో నాలుగు మాటలు పంచుకుందామని ఈ రోజు వచ్చాను. మీది కిరాణా కొట్టు కావచ్చు, కర్రీ పాయింటు కావచ్చు, మొబైల్ రిపేరు షాపు కావచ్చు, ఇంట్లోనే పచ్చళ్లు పెట్టి అమ్మే పని కావచ్చు. మీలో ఎవరిని కదిలించినా ఒక మాట వినిపిస్తుంది. "పొద్దున లేచింది మొదలు ఊపిరి సలపని పనేనండీ. తీరా రాత్రి పడుకోబోయే ముందు చూసుకుంటే, చేయాల్సింది మాత్రం చేయలేదు." ఈ మాట అనేవాళ్లు బద్ధకస్తులు కారు. పది పన్నెండు గంటలు నిలబడి పనిచేసేవాళ్లు. వాళ్ల కష్టానికి లోటేమీ లేదు. ఆ కష్టం ముందుగా ఏ పని మీద పడుతోందన్నదే ఆలోచించాలి.

దుకాణంలో పనులు రెండు రకాలు. కొన్ని పనులకు నోరుంటుంది. కౌంటరు ముందు నిలబడ్డ మనిషి గట్టిగా అడుగుతాడు. ఫోను మోగుతుంది. సరుకు దింపడానికొచ్చిన ఆటో అతను హారన్ కొడతాడు. ఇంకొన్ని పనులకు నోరుండదు. రావలసిన బాకీ తనంతట తాను వచ్చి తలుపు తట్టదు. ఏ సరుకు మీద ఎంత మిగులుతోందో లెక్క చూసుకోకపోతే ఎవరూ వచ్చి నిలదీయరు. కొత్తగా చేరిన కుర్రాడికి పని నేర్పించాలని ఎవరూ గుర్తుచేయరు. నోరున్న పని ఎలాగోలా జరిగిపోతుంది. నోరులేని పని రేపటికి, ఎల్లుండికి, వచ్చే నెలకు జరిగిపోతూ ఉంటుంది. అయిదేళ్ల తర్వాత ఆ దుకాణం ఉంటుందా, ఉండదా అన్నది తేల్చేది మాత్రం ఆ నోరులేని పనులే. వాటి తరఫున మాట్లాడవలసింది యజమాని. వ్యాపారంలో ప్రాధాన్యాలు పెట్టుకోవడమంటే నా దృష్టిలో ఇదే.

మాట గాలిలో ఉండిపోకుండా, ఒక దుకాణం లోపలికి వెళ్దాం. తెనాలి అనుకోండి, కరీంనగర్ అనుకోండి. బజారు పక్క సందులో ఒక లేడీస్ టైలరింగ్ షాపు. నడిపే ఆవిడను ఊళ్లో అందరూ అక్కా అనే పిలుస్తారు. కటింగ్ ఆమె చేతిలో ఉంది. కుట్టేవాళ్లు ఇద్దరు, పీసుకింత అని కూలి. హుక్సులు కుట్టడానికి, ఇస్త్రీ చేయడానికి ఒక అమ్మాయి. ఇది ఉదాహరణకు మనం అనుకుంటున్న షాపే. కానీ ఇలాంటి షాపు లేని ఊరు మనకు ఉండదు.

పదింటికి షట్టరు లేస్తుంది. బల్ల మీద ఆది జాకెట్టు పరిచి ఉంది. పక్కన రాత్రే తడిపి ఆరేసిన లైనింగ్ గుడ్డ. అక్క టేపు మెడలో వేసుకుని, సుద్దముక్క తీసుకుని మెడ గీత గీయబోతుండగా మొదటి ఫోను. "అక్కా, నా జాకెట్లు అయ్యాయా?" సంచులు వెతికి చూసి, చీటీ చదివి జవాబు చెప్పేసరికి పది నిమిషాలు. మళ్లీ కత్తెర పట్టుకోగానే ఒకావిడ పట్టుచీర తెచ్చింది. ఫాల్ వేసి పీకో చేసి ఇమ్మంది, అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటానంది. మొహమాటానికి కాదనలేక అక్క తనే మిషన్ మీద కూర్చుంది. అది సగంలో ఉండగా ఇంకొకరు భుజం జారిపోతోందని పాత జాకెట్టు తెచ్చారు. ఈలోగా వాట్సాప్‌లో మెడ డిజైన్ల ఫొటోలు వరసగా దిగాయి, వాటిలో ఏది నప్పుతుందో చెప్పమని. వెనక గదిలో కుట్టేవాళ్లిద్దరికీ నిన్న కట్ చేసి ఇచ్చిన గుడ్డ పదకొండున్నరకల్లా అయిపోయింది. మిషన్లు ఆగిపోయాయి. కటింగ్ బల్ల మీద సుద్ద గీత సగంలోనే ఉంది.

సాయంత్రం ఏడింటికి అక్క నడుము పట్టేసి ఉంటుంది. ఎవరైనా చూస్తే ఎంత కష్టజీవి అంటారు, అది నిజమే. కానీ ఆ రోజు జరగనివేమిటో చూడండి. ఇద్దరికి సరిపడా కటింగ్ జరగలేదు. జూన్‌లో ఒక ప్రైవేటు స్కూలుకు కుట్టిచ్చిన యూనిఫాంల డబ్బు అడగలేదు. ఓవర్‌లాక్ మిషన్ దారం తెంపుతోందని మెకానిక్కును పిలవలేదు. శ్రావణమాసానికి లైనింగ్ గుడ్డ ఎంత తెప్పించాలో చూసుకోలేదు. వీటిలో ఏదీ ఆమెను అరిచి పిలవలేదు మరి.

1954లో అమెరికా అధ్యక్షుడు ఐసన్‌హోవర్ ఒక సభలో మాట్లాడుతూ, ఒక కళాశాల మాజీ అధ్యక్షుడు చెప్పిన మాటగా ఈ సంగతే ప్రస్తావించాడు. తొందరపెట్టే సమస్యలు వేరు, ముఖ్యమైన సమస్యలు వేరు అన్నది దాని సారాంశం. ఆ తర్వాత మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పేవాళ్లు దాన్ని నాలుగు గడుల పట్టికగా గీసి ప్రపంచమంతా పంచారు. పట్టిక మంచిదే. కానీ మన షాపుల్లో చిక్కు పట్టిక తెలియక వచ్చింది కాదు, మొహమాటంతో వచ్చింది. ఎదురుగా నిలబడ్డ మనిషిని కాదనలేం. పైగా నోరున్న పని చేయగానే ఫలం కళ్లకు కనబడుతుంది. పీకో చేసి ఇస్తే వంద రూపాయలు గల్లాపెట్టెలో పడతాయి, ఆవిడ సంతోషంగా వెళ్తుంది. బాకీ అడగడానికి ఫోను చేస్తే ఆ పూటకు మనసు చివుక్కుమనడం తప్ప వేరే ఏమీ రాకపోవచ్చు. మనిషి స్వభావం తేలికైన సంతోషం వైపు మొగ్గుతుంది. అందుకే ఏది ముందు, ఏది వెనక అన్న నిర్ణయాన్ని షాపు కిటకిటలాడుతున్న వేళకు వదిలేయకూడదు. షట్టరు లేవకముందే, మనసు నెమ్మదిగా ఉన్నప్పుడే తేల్చుకుని పెట్టుకోవాలి.

ఎలా తేల్చుకోవాలి? మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలంటాను.

మొదటి ప్రశ్న: ఏ పని ఆగితే మిగతా పనులన్నీ ఆగుతాయి?

ఎలియాహు గోల్డ్‌రాట్ అనే ఇజ్రాయెల్ భౌతికశాస్త్రవేత్త 1984లో 'ది గోల్' అని ఒక ఫ్యాక్టరీ నవల తెచ్చాడు. పెద్ద కర్మాగారాల కోసం రాసిన ఆ పుస్తకంలోని సంగతి మన టైలరింగ్ షాపుకు అచ్చంగా సరిపోతుంది. ఏ పనిచోటైనా ఒక ఇరుకు ఉంటుంది. మొత్తం పని వేగం ఆ ఇరుకు దగ్గర జరిగే పనిని బట్టే ఉంటుంది. అక్కడ ఒక గంట పోతే షాపు మొత్తానికి గంట పోయినట్టే. ఇంకోచోట గంట మిగిల్చినా ఒరిగేది లేదు.

అక్క షాపులో ఇరుకు కటింగ్ బల్ల. లెక్క తెలియడానికి కొన్ని అంకెలు అనుకుందాం. ఒక్కో టైలరు రోజుకు అయిదు లైనింగ్ జాకెట్లు కుడతారు, ఇద్దరూ కలిసి పది. ఒక్కో దాని కటింగుకు పావుగంట. అంటే రోజుకు రెండున్నర గంటల కటింగ్ జరిగితే ఇద్దరికీ చేతినిండా పని. జాకెట్టుకు 400 రూపాయల కుట్టుకూలి అనుకుంటే రోజుకు 4,000. ఇప్పుడు అక్క అరగంట పీకో మిషన్ మీద కూర్చుంది, 100 రూపాయలు వచ్చాయి. ఆ అరగంటలో రెండు జాకెట్లు కట్ అయ్యేవి. కుట్టేవాళ్లు ఖాళీగా ఉన్నారు కాబట్టి ఆ రెండు జాకెట్లూ ఆ రోజుకు పోయినట్టే, 800 రూపాయలు. అందులో టైలరు కూలి, దారం, హుక్సుల ఖర్చు తీసేసినా 100 కంటే ఎక్కువే మిగిలేది. పైగా నష్టం అక్క ఒక్కదానిదే కాదు. పీసు లెక్కన కుట్టే మనిషి ఖాళీగా కూర్చుంటే ఆ మనిషి ఇంటికి వెళ్లే కూలి తగ్గుతుంది. నెల రోజులు ఇలాగే నడిస్తే పక్క వీధి షాపుకు వెళ్లిపోతారు. మంచి పనివాళ్లు నిలవడం లేదని బాధపడే యజమానులు ఒకసారి ఈ వైపు నుంచి కూడా చూడాలి.

మరి ఏం చేయాలి? కటింగ్ అక్క ఒక్కరే చేయగల పని. పీకో, ఫాల్, హుక్సులు, ఫోనులో జవాబులు, ఇవన్నీ ఇంకొకరు నేర్చుకోగల పనులు. ఇస్త్రీ చేసే అమ్మాయికి పీకో మిషన్ నేర్పడానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాల్లో అక్కకు పని పెరిగినట్టే ఉంటుంది. అయినా ముందు చేయవలసినది అదే. కొత్త కుట్టుమిషన్ కొంటే పని పెరుగుతుందని లోను తీసుకునేవాళ్లున్నారు. ఇరుకు కటింగ్ దగ్గర ఉన్నప్పుడు మూడో మిషన్ వచ్చినా అదీ ఖాళీగానే కూర్చుంటుంది, నెలవారీ వాయిదా మాత్రం ఖాళీగా కూర్చోదు. కర్రీ పాయింటులో ఈ ఇరుకు ఒక్క పెద్ద పొయ్యి దగ్గర ఉండొచ్చు. మొబైల్ షాపులో మైక్రోస్కోపు కింద బోర్డు బాగుచేసే చేతి దగ్గర ఉండొచ్చు. మీ దుకాణంలో పని ఎక్కడ పేరుకుపోయి ఉందో చూడండి, ఎవరు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో చూడండి. అక్కడ ఉంది మీ మొదటి ప్రాధాన్యం.

రెండో ప్రశ్న: మిగిలే డబ్బు అసలు ఎక్కడి నుంచి వస్తోంది?

ఇటలీ ఆర్థికవేత్త విల్‌ఫ్రెడో పారెటో, సంపద సమాజంలో సమానంగా పంచుకుని ఉండదని, కొద్దిమంది దగ్గర ఎక్కువ పోగుపడుతుందని 19వ శతాబ్దం చివర్లో అంకెలతో చూపించాడు. తర్వాత నాణ్యతా నిపుణుడు జోసెఫ్ జురాన్ ఈ సూత్రాన్ని ఫ్యాక్టరీ పనికి వర్తింపజేశాడు. ఎక్కువ లోపాలకు కారణం కొన్ని కీలకమైన విషయాలే అని చెప్పాడు. ఎనభై పాళ్ల ఫలితం ఇరవై పాళ్ల కారణాల నుంచే వస్తుందన్న అర్థంలో దాన్నే అందరూ 80–20 అని పిలుస్తున్నారు. ఆ అంకెలను మంత్రంలా పట్టుకోనక్కర్లేదు, మీ షాపులో 70–30 రావచ్చు, 60–40 రావచ్చు. పట్టుకోవలసింది ఒక్కటే: అన్ని పనులూ సమానంగా తిండి పెట్టవు.

దీనికి కంప్యూటరు అక్కర్లేదు. గత మూడు నెలల బిల్లు పుస్తకం, ఒక తెల్లకాగితం, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. లైనింగ్ జాకెట్లు, మగ్గం వర్కు జాకెట్లు, యూనిఫాంలు, ఫాల్–పీకో, పాతవాటి సర్దుబాట్లు అని వరసగా రాసుకోండి. ఒక్కోదానికి ఎదురుగా మూడు సంగతులు వేయండి: ఎంత వచ్చింది, ఖర్చులు పోను ఎంత మిగిలింది, మీ సొంత సమయం ఎంత పట్టింది. మూడోది ఎవరూ వేయరు, వేయవలసింది అదే. రోజూ ఎక్కువ అలసట తెచ్చే పనే ఎక్కువ డబ్బు తెస్తోందనుకుంటాం. రాసి చూసుకుంటే ఆ అంచనా తలకిందులు కావచ్చు. పాత జాకెట్ల సర్దుబాట్లు మధ్యాహ్నాలన్నీ మింగేసి నెలకు ఏమంత మిగల్చవు. మగ్గం వర్కు బయట చేసేవాళ్లకు ఇస్తే యజమాని చేయి తక్కువ పడుతుంది, మిగులు బాగుంటుంది. అలాగని సర్దుబాట్లు మానేయమని నేను చెప్పను. పాత ఖాతాదారుతో ఉన్న సంబంధానికి కూడా విలువ ఉంది. వాటికి వారంలో ఒక రోజు కేటాయించండి, "బుధవారం తీసుకురండమ్మా, దగ్గరుండి చేసిస్తాను" అనండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

మూడో ప్రశ్న: దేనికి తేదీ ఉంది?

తేదీలు రెండు రకాలు. ప్రభుత్వం పెట్టే తేదీలు కొన్ని. జీఎస్టీలో నెలనెలా రిటర్ను వేసేవారికి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్–1కు తర్వాతి నెల 11వ తేదీ, పన్ను కట్టే 3బీ రిటర్నుకు 20వ తేదీ గడువు. మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఎంచుకున్నవారికి తేదీలు వేరు. 3బీ ఆలస్యమైతే రోజుకు 50 రూపాయలు, వ్యాపారం ఏమీ జరగని సున్నా రిటర్నుకైనా రోజుకు 20 రూపాయలు ఆలస్య రుసుము పడుతుంది. కట్టవలసిన పన్ను మిగిలి ఉంటే ఏడాదికి 18 శాతం లెక్కన వడ్డీ కూడా. అరగంట పని వాయిదా వేసినందుకు కట్టే డబ్బు ఇది. ఈ పనికి 5వ తేదీనో 6వ తేదీనో ఒక గంట ముందే రాసిపెట్టుకోవాలి. ఆ గంట అకౌంటెంటుకు బిల్లులు చేర్చే గంట, దానికి బేరం లేదు.

రెండో రకం తేదీలు మన పంచాంగంలో ఉన్నాయి. గోడ మీద తెలుగు క్యాలెండరు వేలాడని దుకాణం అరుదు. తిథి, వర్జ్యం చూసుకునే ఆ క్యాలెండరే చిన్న వ్యాపారికి అన్నింటికంటే మంచి ప్రణాళికా పుస్తకం. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు. మూఢం వస్తే ముహూర్తాలు ఆగుతాయి. శ్రావణం రాగానే మంగళవారాలు, శుక్రవారాలు, నోములు, పెళ్లిళ్లు అన్నీ ఒక్కసారి మీద పడతాయి. పౌర్ణమికి ముందొచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతానికి కొత్త జాకెట్టు కావాలనని ఇల్లాలు అరుదు. ఇవన్నీ ఏడాది ముందే తెలిసిన తేదీలు. అయినా ప్రతి శ్రావణం మనల్ని ఉక్కిరిబిక్కిరి చేస్తుందంటే, ఆషాఢంలో చేయవలసిన పని ఆషాఢంలో చేయలేదని అర్థం. మిషన్లకు సర్వీసింగు, లైనింగ్, దారాలు, హుక్సుల కొనుగోలు, కొత్త అమ్మాయికి శిక్షణ, పాత బాకీల వసూలు, వీటన్నిటికీ ఆషాఢం తగిన నెల. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దలు ఊరికే అనలేదు. పచ్చళ్ల వ్యాపారికి ఆ దీపం వేసవికి ముందు వెలుగుతుంది. మిఠాయి దుకాణానికి దసరాకు ముందు వెలుగుతుంది.

తేదీ ఉన్న పనిని వెనక నుంచి లెక్కపెట్టాలి. షాపులో రోజుకు పది జాకెట్లే అవుతాయి. ఇప్పటికే 120 ఒప్పుకుని ఉంటే పన్నెండు పనిదినాలు నిండిపోయాయి. ఇప్పుడు వచ్చిన మనిషికి పదమూడో పనిదినం కంటే ముందు మాట ఇవ్వడానికి మన దగ్గర రోజు లేదు. "చూద్దాంలెండి, ఎలాగోలా ఇస్తాను" అన్న మాటతో చిన్న వ్యాపారంలో జరిగే నష్టం ఇంతా అంతా కాదు. ఆ ఒక్క మాట కోసం అంతకుముందు మాట ఇచ్చిన ముగ్గురిని తప్పించవలసి వస్తుంది, రాత్రి పన్నెండు దాకా మిషన్ తొక్కవలసి వస్తుంది, ఆ నిద్రమత్తులో కటింగ్ చేయవలసి వస్తుంది. చీరతో వచ్చిన జాకెట్టు ముక్క తప్పు కట్ అయితే దానికి జత ఎక్కడా దొరకదు. మర్యాదగా, తేదీతో చెప్పండి. "అమ్మా, పెళ్లికి వేసుకునేది మాత్రం గురువారం ట్రయల్‌కు సిద్ధం చేస్తాను. మిగతా మూడూ వచ్చే సోమవారం తీసుకోండి" అంటే, నూటికి తొంభైమంది అర్థం చేసుకుంటారు. నాలుగు జాకెట్లూ ఆ రోజే కావాలని రాలేదు వాళ్లు, పెళ్లిరోజుకు ఒక్కటి తప్పకుండా కావాలని వచ్చారు. ఏది నిజంగా తొందరో అడిగి తెలుసుకోవడం కూడా ప్రాధాన్యం నిర్ణయించడమే.

ఇక నోరులేని పనులన్నిటిలోకీ అతి ముఖ్యమైనది, అందరూ అన్నిటికంటే చివరకు నెట్టేసేది ఒకటుంది. అదే బాకీల వసూలు.

మన కొట్లలో "అప్పు రేపు" అని బోర్డు పెట్టుకుంటాం. ఎదురుగా వచ్చినవారి దగ్గర ఆ బోర్డు పనిచేస్తుంది. పెద్ద ఆర్డరిచ్చే స్కూలు, హోటలు, ఆఫీసు దగ్గర పనిచేయదు. అక్క జూన్‌లో యూనిఫాంలు కుట్టిచ్చింది, 60,000 రావాలి అనుకుందాం. అక్టోబరు దాకా రాలేదు. ఈలోగా గుడ్డ కొట్టుకు కట్టడానికి అంత మొత్తమూ నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చింది. నెలకు 1,200, నాలుగు నెలలకు 4,800. ఆ ఆర్డరు మీద మిగిలిన లాభంలో ఎంత భాగం ఇలా వడ్డీకి వెళ్లిపోయిందో చూడండి. ఒక ఉదయం పది నిమిషాలు ఫోనులో మాట్లాడి ఉంటే ఆగేది అది.

ఇందులో చట్టం కూడా మన వైపే ఉంది, అది చాలామందికి తెలియాలి. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం, ఉద్యమ్ అనే ప్రభుత్వ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారులకు, సేవలందించేవారికి కొనుగోలుదారు రాతపూర్వకంగా ఒప్పుకున్న గడువులోగా డబ్బు కట్టాలి. ఒప్పందంలో ఎంత రాసుకున్నా ఆ గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా కట్టాలి. అప్పటికీ కట్టకపోతే ఫిర్యాదు వినడానికి రాష్ట్రాల్లో ఫెసిలిటేషన్ కౌన్సిళ్లున్నాయి. ఉద్యమ్ నమోదు 2020 జూలై 1 నుంచి ఆన్‌లైన్‌లో జరుగుతోంది, ఆధార్‌తో చేసుకోవచ్చు, ప్రభుత్వ పోర్టల్లో దానికి రుసుము లేదు. సరుకు కొని తిరిగి అమ్మే వర్తకులకు ఈ 45 రోజుల రక్షణ వర్తించదు, ఆ తేడా గుర్తుంచుకోండి.

చట్టం చేతిలో ఉందని రేపే నోటీసు పంపమని నా సలహా కాదు. సరుకు ఇచ్చిన రోజే తేదీ వేసిన బిల్లు ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి, బిల్లు మీద ఉద్యమ్ నంబరు, డబ్బు కట్టవలసిన తేదీ రాయండి. వారానికి ఒక రోజు, ఉదాహరణకు ప్రతి మంగళవారం పదకొండింటికి, బాకీల ఫోన్లు చేయడానికి అరగంట పెట్టుకోండి. ప్రతి వారం అదే వేళకు మర్యాదగా ఫోను చేసే మనిషి డబ్బు ముందు వస్తుంది. ఏడాదికోసారి కోపంగా ఫోను చేసే మనిషి డబ్బు ఆఖరున వస్తుంది. వసూలు కూడా వ్యాపారంలో భాగమే. మన చేతి పని విలువ మనం అడగడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఇప్పుడు ఇవన్నీ ఒక రోజులో ఎలా ఇమడ్చుకోవాలో చూద్దాం.

షట్టరు లేపడానికి ముందు ఒక గంట మీది. అక్క పదింటికి తెరిచే షాపుకు తొమ్మిదింటికి వచ్చి షట్టరు సగం దించి ఉంచి, ఫోను మూగగా పెట్టి కటింగ్ మొదలుపెడితే నాలుగు జాకెట్లు తయారు. పదింటికి టైలర్లు రాగానే ఇద్దరికీ పని సిద్ధం. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒక పని సగంలో వదిలి ఇంకో పనికి మారినప్పుడు ధ్యాసలో కొంత మొదటి పని దగ్గరే ఉండిపోతుందని, దానివల్ల రెండో పని దెబ్బతింటుందని తేల్చారు. మధ్యలో ఎవరో పిలిచాక చంక కొలత తప్పు గీసిన ఏ టైలరుకైనా ఇది అనుభవంలో ఉన్న సంగతే. ఎవరూ పిలవని ఆ ఒక్క గంటలో జరిగే పని పగటి రెండు గంటల పనికి సమానం కావచ్చు.

రాత్రి కొట్టు కట్టేసేముందు పది నిమిషాలు కూర్చుని గల్లా లెక్క చూసుకున్నాక, అదే పుస్తకంలో మర్నాటికి మూడే మూడు పనులు రాయండి. ఒకటి ఇరుకు దగ్గరిది. ఒకటి డబ్బుది. ఒకటి రేపటిది, అంటే పండగకో, పనివాళ్ల శిక్షణకో, మిషన్ మరమ్మతుకో సంబంధించినది. ఇరవై పనుల జాబితా గోడకు అంటించుకుంటే అది భయపెడుతుంది, మూడు పనులు రాసుకుంటే అవి జరుగుతాయి. ఆ మూడింటి తర్వాత మిగిలిన రోజంతా వచ్చేవారిదీ, పోయేవారిదీ. దుకాణమన్నాక జనం రావాలి, పలకరించాలి, వాళ్లతోనే మన బతుకు.

ఫోనుకు కూడా వేళలు పెట్టండి. "మీ జాకెట్లు అయ్యాయా?" అని ఫోను వచ్చిందంటే, ఎప్పుడు అవుతాయో మనం స్పష్టంగా చెప్పలేదని అర్థం. చీటీ మీద తేదీ పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి, సిద్ధమవగానే ఒక వాట్సాప్ సందేశం పంపండి. ఆ ఫోన్లలో సగం వాటంతట అవే ఆగిపోతాయి.

మహిళా వ్యాపారుల విషయంలో ఇంకో మాట చెప్పకపోతే ఈ ప్రసంగం అసంపూర్ణం. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం, మన దేశంలో ఇంటిపని చేసేవారిలో స్త్రీలు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు దానికి వెచ్చిస్తే, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. అంటే షట్టరు లేవకముందే ఆ అక్క ఒక పూట పని ముగించుకుని వస్తోంది. తొమ్మిదింటికి షాపుకు రమ్మని సలహా చెప్పడం నాకు తేలిక. ఆ గంట ఆమెకు దొరకాలంటే ఇంట్లో ఇంకొకరు పిల్లల టిఫిన్ డబ్బా సర్దాలి. ఆ షాపు సంపాదన ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతున్నప్పుడు, ఆ గంటను కాపాడే బాధ్యత కూడా ఇంటిల్లిపాదిదే. భర్తలు, అత్తమామలు, ఎదిగిన పిల్లలు ఈ మాట వింటుంటే దయచేసి మనసుకు పట్టించుకోండి.

వారానికో సెలవు కూడా నోరులేని పనే. నడుము, కళ్లు, మోకాళ్లు చాలాకాలం ఓర్చుకుంటాయి. అవి మాట్లాడడం మొదలుపెట్టాక ఖర్చు ఆసుపత్రిలో తేలుతుంది. షాపులో ఇరుకు మీరే అయినప్పుడు మీ ఆరోగ్యమే ఆ షాపు అసలు పెట్టుబడి.

చిన్న వ్యాపారం చిన్నదేమీ కాదు. ఒక టైలరింగ్ షాపు వెనక నాలుగు కుటుంబాల రేషన్, పిల్లల ఫీజులు, ఇంటి అద్దెలు ఉన్నాయి. అది మూతబడితే పేపర్లో వార్త రాదు గానీ ఆ నాలుగు ఇళ్లలో పొయ్యి మంట తగ్గుతుంది. అందుకే మీ గంటలు మీకు ఎంత విలువైనవో, ఈ సమాజానికీ అంతే విలువైనవి.

ఈ రాత్రి కొట్టు కట్టేసేముందు ఒక పని చేయండి. మీకు రావలసిన బాకీలన్నీ ఒక కాగితం మీద రాయండి, ఎవరి దగ్గర, ఎంత, ఎప్పటి నుంచి అని. వాటిలో అన్నిటికంటే పాతది ఏదో దాని కింద గీత గీయండి. రేపు పొద్దున పదకొండింటికి ముందు ఆ ఒక్కరికి ఫోను చేయండి. అక్కడి నుంచి మొదలుపెట్టండి. మీ కష్టానికి తగ్గ ఫలం మీ చేతికి అందాలని మనసారా కోరుకుంటున్నాను.